జీరో చూసుకోండి

24 ఆగస్టు, ఆదివారం

కారు కొనడం ఖాయమైంది. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పి. ఇప్పుడున్న చిన్న కారులోంచి ఆవిడ దిగాలంటే మా ఆయన లోహిత్ రెండు చేతులూ పట్టి లేపాలి. కాస్త ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ కావాలి, దసరాకి ఇంటికి రావాలి. ఇంతవరకు నలుగురిదీ ఒకే మాట. పెట్రోలా, ఎలక్ట్రికా అన్న దగ్గర ఆగింది.

మామయ్యగారు పెట్రోల్ అన్నారు. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఏదైనా లెక్క చూపిస్తే వింటారు. కాకినాడ వెళ్లేటప్పుడు దారిలో ఛార్జింగ్ కోసం ఎక్కడ పడిగాపులు పడాల్సి వస్తుందోనని ఆయన భయం. తర్వాత నవ్వుతూ నా వైపు తిరిగారు.

"అయినా మన వియ్యంకుడుగారి బంకు ఉండగా లోటేంటమ్మా. కల్తీ ఉండదు, కొలత తగ్గదు. ఎప్పుడూ అక్కడే కొట్టిద్దాం."

నేను ఎలక్ట్రిక్ అన్నాను. అప్పటిదాకా నాకు ఏ అభిప్రాయమూ లేదు.

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఇక నేనెక్కడ నిజం చెబుతాను? మా నాన్న బంకు మేనేజర్ కాదు. మూసాపేట బంకులో పంపు దగ్గర నిలబడి పెట్రోల్ పోస్తాడు. ఇరవై రెండేళ్లుగా. పెళ్లి మాటలప్పుడు మేనేజర్ అని చెప్పింది నేను. నాన్న చెప్పలేదు. అలా చెప్పమని నాన్నకు నేర్పింది కూడా నేనే. సరే బిడ్డా అన్నాడు, అంతే. లోహిత్‌కి తెలుసు. నిజం చెప్పేద్దామని తను రెండుసార్లు అన్నాడు. నేనే వద్దన్నాను.

27 ఆగస్టు

ఆఫీసులో లంచ్ టైమ్‌లో ఎక్సెల్ షీట్ చేశాను. కిలోమీటరుకు ఖర్చు, సర్వీసింగ్, రోడ్ టాక్స్ మినహాయింపు, బ్యాటరీ వారంటీ, కాకినాడ దారిలో ఛార్జర్లు. ఎలక్ట్రిక్ వైపు ఆకుపచ్చ రంగు గడులు ఎక్కువ వచ్చేలా చేశాను. పక్క సీటు ప్రియదర్శిని చూసి, నీకు పర్యావరణం మీద ఇంత ప్రేమ ఉందని తెలియదే అంది.

నిజంగా ఉంది అన్నాను.

31 ఆగస్టు, ఆదివారం

రెండూ టెస్ట్ డ్రైవ్ చేశాం. ఎలక్ట్రిక్‌లో శబ్దమే లేదు. అత్తయ్యగారు ముందు సీట్లో కూర్చుని, స్టార్ట్ చేశావా లేదా అని లోహిత్‌ని మూడుసార్లు అడిగారు. దిగేటప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఆవిడ ఓటు నాకు వచ్చింది. మామయ్యగారు షీట్ ప్రింటు తీయించి, కళ్లజోడు తుడుచుకుని చదువుతున్నారు. నా లెక్కలో తప్పు దొరకదు. అదే సిగ్గుగా ఉంది.

వచ్చేటప్పుడు స్కూటీలో పెట్రోల్ అయిపోయిందని నల్లగండ్లలో పోయించుకున్నాను. నేను మూసాపేట బంకుకి వెళ్లి నాలుగేళ్లయింది. నల్లగండ్ల అతను జీరో చూసుకోండి మేడం అన్నాడు. ప్రతి బంకులోనూ పోసేముందు అనే మాటే. నేను ఫోన్ చూస్తూ తలూపాను. మీటర్ చూడలేదు. ఎప్పుడూ చూడను.

5 సెప్టెంబర్

నాన్న ఫోన్ చేశాడు. కొత్త కారు సంగతి అమ్మ చెప్పిందట. మొదటి ట్యాంకు తనే నింపుతానన్నాడు. వాళ్ల బంకులో అదొక పద్ధతి. కొత్త బండి వస్తే నాన్ననే పిలుస్తారు. చేతులు కడుక్కుని, ట్యాంకు మూతకి పసుపు బొట్టు పెట్టి, అప్పుడు పోస్తాడు. ఆయన చెయ్యి మంచిదని ఆటోవాళ్లు సైతం వరుసలో నిలబడి ఆగుతారు. ఎంతమంది బండ్లకు పోసినో బిడ్డా, ఇగ నీ బండి ఒక్కటే ఉన్నది అన్నాడు.

ఎలక్ట్రిక్ అనుకుంటున్నాం నాన్నా అన్నాను.

వెనకాల ఎవరో ఫుల్ ట్యాంక్ అని అరుస్తున్నారు. గట్లనా, అయితే దానికి మూత ఉండదా అని అడిగాడు.

నాన్నకు చదువు రాదు. అంకెలు మాత్రం పంపు మీద నేర్చుకున్నాడు. నా టెన్త్ మార్కులు చూసి, పేపర్లో ఇంకేమున్నాయో తెలియకపోయినా, అంకెలన్నీ పైకి చదివాడు. ఆ కాగితానికి ఇప్పటికీ పెట్రోల్ వాసన వస్తుందని నాకనిపిస్తుంది. రాదు. నా అనుమానం అంతే.

10 సెప్టెంబర్, రాత్రి 8

మామయ్యగారు ఈ రోజు కూకట్‌పల్లిలో వాళ్ల బంధువుల ఇంటికి వెళ్లి, వచ్చేటప్పుడు క్యాబ్ ఆపించి మూసాపేట బంకుకి వెళ్లారట. వియ్యంకుడుగారి సలహా తీసుకుందామని. ముందు ఎవరికీ చెప్పలేదు.

భోజనాల దగ్గర ఆ మాట విన్నప్పుడు నా చేతిలో పప్పు గరిటె ఉంది. అలాగే ఉంది.

ఏమీ జరగలేదు. నాన్న క్యాబిన్‌లోనే ఉన్నాడట, తెల్ల చొక్కాలో. కూర్చోబెట్టి టీ తెప్పించాడట. ఎలక్ట్రిక్కే తీసుకోండి సార్ అని ఆయన కూడా గట్టిగా చెప్పాడట. పెట్రోల్ అమ్మే మనిషే ఆ మాట అన్నాక ఇక నేనేం వాదిస్తానమ్మా అని మామయ్యగారు నవ్వారు.

లోహిత్ నా వైపు చూశాడు. నేను పప్పు వడ్డించాను.

నాన్న ఏదో పని మీద క్యాబిన్‌లోకి వెళ్లి ఉంటాడు. అదృష్టం. దేవుడికి దండం పెట్టుకున్నాను కూడా.

12 సెప్టెంబర్

ఎలక్ట్రిక్ బుక్ చేశాం. తెలుపు.

21 సెప్టెంబర్, ఆదివారం. ఎంగిలిపూల బతుకమ్మ

మూసాపేట వెళ్లాను. అమ్మ తంగేడు, గునుగు పేరుస్తూ, నాన్నకు డ్యూటీ పడింది, ఈ టిఫిన్ ఇచ్చి రా అంది. తప్పించుకోవడానికి మూడు సాకులు చెప్పాను. అమ్మ, పోచమ్మ అని ఊరికే పేరు పెట్టలేదు ఆవిడకి, పువ్వుల మీంచి తల ఎత్తకుండానే, బంకు దాక పోనీకి నీ కాళ్లకు ఏమైంది అని అడిగింది.

వెళ్లాను. నాన్న లేడు, చిల్లర కోసం ఎదురు షాపుకి వెళ్లాడు. క్యాబిన్‌లోంచి గోవిందప్పగారు పిలిచారు. అసలు మేనేజర్ ఆయనే. బాగా నవ్వే మనిషి. మీ మామగారు వచ్చిన రోజు భలే అయిందమ్మా అని మొదలుపెట్టారు. నాకు అంతా తెలుసనే అనుకున్నారు.

నాన్న దూరం నుంచే మామయ్యగారు క్యాబ్ దిగడం చూశాడట. పోస్తున్న బండిని వదిలి క్యాబిన్‌లోకి పరిగెత్తాడట. సార్, పది నిమిషాలు మీ కుర్చీ ఇయ్యుండ్రి, నా బిడ్డ ఇజ్జత్ ఉన్నది అన్నాడట. గోవిందప్పగారి తెల్ల చొక్కా కొక్కేనికి వేలాడుతుంటే, యూనిఫాం మీదే తొడుక్కున్నాడు.

"మీ నాయన పది నిమిషాలు మేనేజరయిండు. నేను బయట నిలబడి పెట్రోల్ పోసిన. ఒకడు నన్ను జీరో చూపియ్యలేదని తిట్టిండు కూడా."

ఆయన నవ్వుతున్నారు. నేనూ నవ్వాను.

తర్వాత ఆయన నవ్వు తగ్గించారు. మామయ్యగారు వెళ్లాక నాన్న చొక్కా విప్పి మడతపెట్టి ఇచ్చాడట. వెనక్కి వచ్చి, తను కూర్చున్న కుర్చీని నడుముకున్న ఎర్రగుడ్డతో తుడిచాడట. వద్దన్నా వినలేదట. పెట్రోల్ బండి కొంటే ఆయన మాటిమాటికీ వస్తడు సార్, మాటిమాటికీ మిమ్మల్ని పరేషాన్ చెయ్యలేను, అందుకే కరెంటుది కొనమన్న అని చెప్పాడట.

అప్పుడే నాన్న వచ్చాడు. నన్ను చూసి ఆగిపోయాడు. ముందు రోడ్డు వైపు చూశాడు, నాతో ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరని తెలిశాక నవ్వాడు. పండుగ పూట ఈడికెందుకొచ్చినవ్ బిడ్డా, బట్టలకు వాసన పడతది అన్నాడు.

టిఫిన్ ఇచ్చి వచ్చేశాను. స్కూటీలో పెట్రోల్ తక్కువే ఉంది. పొయ్యవా నాన్నా అని నోటిదాకా వచ్చింది. వెనక రెండు కార్లు వచ్చి హారన్ కొట్టాయి. అదీ సాకే. బతుకమ్మ ఆడేటప్పుడు అమ్మ నా చప్పట్లు తప్పుతున్నాయంది.

22 సెప్టెంబర్

ఆకుపచ్చ గడులన్నీ నిజమే. షీట్ ఒక్కటే అబద్ధం.

26 సెప్టెంబర్

చెప్పేశాను. టీవీ ఆపి, ఇద్దరి ముందూ కూర్చుని. లోహిత్ పక్కన నిలబడ్డాడు. మా నాన్న పంపు దగ్గర పెట్రోల్ పోస్తాడు, అబద్ధం నాది, ఆ రోజు కుర్చీ ఆయనది కాదు అన్నాను. ఇంకా చాలా చెప్పాలని రిహార్సల్ చేసుకున్నాను. అంతకంటే రాలేదు.

అత్తయ్యగారికి కోపం వచ్చింది. నాన్న చేసే పనికి కాదట, పెళ్లయిన ఈ రెండేళ్లూ తమని ఏమనుకున్నానని. మేము అలాంటివాళ్లలా కనిపించామా అని అడిగారు. అవునని ఎలా చెప్పను? కాదంటే మరి ఎందుకు చెప్పినట్టు? లేచి గదిలోకి వెళ్లిపోయారు.

మామయ్యగారు మాత్రం లేవలేదు.

"కుర్చీ అంచున కూర్చున్నారమ్మా. నేను టీ తాగుతున్నంతసేపూ ఆయన కళ్లు బయట పంపు మీదే ఉన్నాయి. ఎవరి డ్యూటీ వాళ్లకి ఉంటుంది కదా అనుకున్నాను."

దసరా రోజు మా అమ్మానాన్నలని భోజనానికి పిలవమన్నారు. పిలిచాను. వీళ్లకి తెలిసిందని మాత్రం నాన్నకు చెప్పలేదు. చెబితే, గోవిందప్పగారు నాకు చెప్పారని తెలుస్తుంది. ఆ కుర్చీ తుడిచిన సంగతి నాకు తెలుసని నాన్నకు తెలియడం, అది నా వల్ల కాదు. మళ్లీ పిరికిదాన్నే.

2 అక్టోబర్, గురువారం. దసరా

నాన్న ఇస్త్రీ తెల్ల చొక్కాలో వచ్చాడు. ఇంకా మేనేజర్‌గానే. సెల్లార్‌లో కారుకి పూజ అయ్యాక, మొదటి ఛార్జింగ్ మీరే పెట్టాలి అని మామయ్యగారు ఆయన చేతికి ఛార్జర్ గన్ ఇచ్చారు. నాన్న పక్కనున్న నల్లా దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాడు. మూతకి పసుపు బొట్టు పెట్టాడు. గన్ పెట్టబోతూ, తిరిగి చూడకుండానే, ఇరవై రెండేళ్ల అలవాటుతో అనేశాడు.

"జీరో చూసుకోండి సార్."

అన్నాక తెలిసింది. గన్ పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కారులోని తెర మీద బ్యాటరీ 18 శాతం అని ఉంది. నాన్నకు అంకెలు వచ్చు.

మామయ్యగారు కళ్లజోడు సర్దుకుని, వంగి, తెరని శ్రద్ధగా చూశారు.

"చూశానండి. జీరోనే ఉంది. పొయ్యండి."