గాలి కన్ను

నా ఇంటామెకి,

ఇక్కడ నేనూ పిల్లలూ కులాసాగా ఉన్నాం. నువ్వు కూడా వేళకి తింటూ, కంటినిండా నిద్రపోతూ కులాసాగా ఉన్నావనే అనుకుంటున్నాను.

నీ ఉత్తరం శనివారం అందింది. చిన్నోడి దగ్గు తగ్గిందా అన్నావు. తగ్గింది. మందు మాత్రం ఇంకా కావాలంటున్నాడు, తియ్యగా ఉందట. పెద్దది లెక్కల్లో పాసయింది. మార్కులెన్నో తనే రాస్తుందట, నన్ను రాయొద్దంది. నా వంట ఎలా ఉందో వాళ్ళనే అడుగు. మొహమాటపడే పిల్లలు కారు.

మీ నర్సు ట్రైనింగులో ఇంగ్లీషు మేడమ్ విండో అనే మాట గురించి చెప్పిందని రాశావు చూడు, అది నాలుగుసార్లు చదివాను. ఇరవై ఏళ్ళుగా కిటికీలు చేసుకుని బతుకుతున్నాను, ఆ మాటకి అసలు అర్థం గాలి కన్ను అని నాకెవరూ చెప్పలేదు. ఎప్పుడో ఉత్తరపు సముద్రాల మీదుగా పడవల్లో వచ్చినవాళ్ళు దాన్ని ఇంగ్లీషువాళ్ళకి ఇచ్చిపోయారని, అప్పట్లో అద్దాలూ రెక్కలూ ఏమీ లేవని, గోడలో ఒట్టి కంతేనని రాశావు. మర్నాడు షాపులో అందరికీ చదివి వినిపించాను.

"అయితే మనం కళ్ళ డాక్టర్లమన్నమాట" అన్నాడు పాలిష్ పట్టే అతను.

పెద్ద వడ్రంగి ఊరుకుంటాడా. చెవి మీది పెన్సిలు తీసి, "మన గవాక్షం మాత్రం ఏమిటిరా, ఆవు కన్నేగా. వాళ్ళకి గాలి కనబడింది, మనకి ఆవు కనబడింది" అన్నాడు.

ఇంటికొచ్చి పిల్లలకీ చెప్పాను. కంప్యూటర్లో తెరుచుకునేదీ విండోనే, టికెట్లిచ్చే చోటూ విండోనే, కవరు మీద అడ్రసు కనబడే పల్చటి కాగితమూ విండోనేనని పెద్దది ఏకరువు పెట్టింది. బస్సులో విండో సీటు మాత్రం తనదేనని చిన్నోడు మధ్యలో తేల్చేశాడు.

కొత్త ఇంట్లో వంటగది ఎంతవరకు వచ్చిందని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ మాట దాటేశాను. ఫోన్లో అయితే మూడోసారీ దాటేసేవాణ్ణి. అందుకే రాస్తున్నాను.

ట్రైనింగుకి వెళ్ళేముందు నువ్వు అడిగింది ఒక్కటే. "పదకొండేళ్ళు ఈ అద్దె ఇంట్లో గోడని చూస్తూ వండాను. అక్కడ పొయ్యి దగ్గర నిలబడితే మలుపులో బస్సు దిగే పిల్లలు కనబడాలి. ఇంకేమీ వద్దు నాకు" అన్నావు. నేను మంచి టేకు ఏరి తెచ్చి, నాలుగు ఆదివారాలు కూర్చుని, చేతికి గరుకు తగలనంత నున్నగా కిటికీ ఫ్రేము చేశాను. తాపీ మేస్త్రి దాన్ని గోడలో నిలబెడుతుంటే, పొయ్యి గట్టు ముందు నిలబడి చూశాను. మలుపు, దుకాణం, బస్సు ఆగే చోటు అన్నీ కనబడ్డాయి. అంతే ఎత్తులో బిగించెయ్యమన్నాను.

గోడ ఆరాక పెద్దదాన్ని తీసుకెళ్ళి గర్వంగా చూపించాను. మునివేళ్ళ మీద లేచింది. తర్వాత పక్కనున్న స్టూలు లాక్కుని ఎక్కింది.

"కింద నిలబడితే మబ్బులు తప్ప ఏం కనబడటం లేదు నాన్నా, ఇది ఎక్కితేనే మలుపు కనబడుతోంది. అమ్మ కూడా స్టూలెక్కి వండాలా?"

"అమ్మ నీకన్నా పొడుగే" అన్నాను.

"ఎంత?"

చెయ్యి నా భుజం దగ్గర పెట్టాను. కాదనిపించింది. గడ్డం దగ్గర పెట్టాను. అదీ కాదేమోననిపించింది. పిల్ల స్టూలు మీంచి నా చెయ్యి ఎటు పోతుందా అని చూస్తూనే ఉంది. ఊళ్ళోవాళ్ళ గోడలన్నీ నాకు అంగుళాలతో సహా నోటికొచ్చు. అద్దె ఇంటి తలుపుకి పిల్లల ఎత్తులు ఏటా గీస్తూనే ఉన్నాను. నీకు ఒక్క గీత కూడా లేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చ గెలిచి ఇంట్లో ఓడిపోయాను. పది రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. నాకు చాలా సిగ్గుగా ఉంది. గోడలో నీ కన్ను పెట్టమంటే నా కన్ను పెట్టాను.

నిన్న మేస్త్రి నన్ను తిట్టుకుంటూనే వచ్చి ఫ్రేము ఊడదీశాడు. ఇప్పుడక్కడ చెక్కా అద్దమూ లేని కంత ఉంది. మీ మేడమ్ చెప్పిన అసలు కిటికీ అదేననుకుంటా, గాలి మాత్రం బాగా వస్తోంది.

నీ పక్క మంచం అమ్మాయిని ఒక టేపు పట్టుకోమను. చెప్పులు విప్పి గోడకి ఆనుకుని నిలబడు. నేల నుంచి నీ తలకి కాదు, కంటికి ఎంతో చూసి రాయి. ఆ అంకె వచ్చేదాకా ఆ గోడ మీద ఇటుక పెట్టనివ్వను. పెద్దదైతే అప్పుడే తలుపు దగ్గర పెన్సిలు పట్టుకుని కూర్చుంది, అమ్మ గీత తనే గీస్తుందట.

ఇట్లు,
నీ పిల్లల నాన్న

(కొలతల రాయుడని నువ్వు పెట్టిన పేరుతో సంతకం చెయ్యబోయి మానేశాను. నువ్వొచ్చి పొయ్యి దగ్గర నిలబడి, పిల్లల్ని చూశాక ఆ పేరు మళ్ళీ ఇవ్వు.)