తీసేయమన్న మాట

బోధన్

చిన్నూ,

నిన్న ఫోనులో నీ మీద గరమయ్యాను. ఆ తర్వాత ముద్ద దిగలేదు. మాట్లాడితే మళ్ళీ ఏడుపొస్తుందని రాస్తున్నాను. నా వంకర అక్షరాలు కూడబలుక్కొని చదువుకో.

సాయిరాం ఆఫీసు పనిలో రాసినదాంట్లో ఒక మాట తీసేయమని మీ ఆఫీసువాళ్ళు అంటున్నారు, తీసేయనా అత్తమ్మా అని అడిగావు. "నా కొడుకు పోయిండు, వాని మాట గూడ పోవాల్నా?" అన్నాను. నువ్వు ఫోను పెట్టేశావు.

బైకు ప్రమాదంలో పోయే ముందటి ఆదివారం, వాకిట్లో చెరుకు నములుతూ వాడే నాకు చెప్పాడు. మీరిద్దరూ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఎన్నిసార్లు మార్చి రాసినా పాతది లోపల దాగే ఉంటుందట. కొత్త పని మొదలుపెట్టి పేరు చెప్పకపోతే అదే ఒక పేరు పెట్టేస్తుందట. అడగకుండనే పెట్టేసే మన ఆనవాయితీ లెక్కనా బిడ్డా అంటే నవ్వాడు. "గంతే అవ్వా. గని మేమే పెట్టినమని చెప్పాలె, ఎట్ల మార్చుకోవాల్నో చెప్పాలె. లేకపోతే తప్పు చేసినమని భయపడతరు." అందుకే అప్పుడు కనబడేటట్టు ఇట్లా రాశాడు: మీరు పేరు చెప్పలేదు, మేమే ఒకటి పెట్టాం. ఇది తప్పు కాదు. వద్దనుకుంటే ఇలా మార్చుకోండి.

ఆ నడిమి మాటే ఎక్కువైందంటున్నారు కదా. తీసేయ్. లోపల ఉండనే ఉంటుంది.

పొద్దున ఊడుస్తుంటే ఇంకోటి తట్టింది. పదోనాడు మా ఆడబిడ్డ రాములవ్వ నీ బొట్టు తుడిచింది. నిజామాబాద్ ఆఫీసుకు పోవద్దు, మోస్రాలో మీ అమ్మ దగ్గరే ఉండి పని చేసుకోవాలని పెద్దలన్నారు. నిన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. నా ముఖం చూసి నువ్వు ఊకున్నావు. నీకిష్టమే అనుకొని నేను ఊకున్నాను. మొన్న ఇక్కడికొచ్చినప్పుడు పక్కింటి పిల్లకు బొట్టు పెట్టమంటే చేయి వెనక్కి తీసుకున్నావు, ఏదో తప్పు చేసినదానిలా.

అది మేం పెట్టింది బిడ్డా, నువ్వు కోరింది కాదు. వాడుంటే ఎట్లా మార్చుకోవాలో కూడా చెప్పేవాడు. నేను చెబుతున్నాను. నీ బొట్టుడబ్బీ నా బీరువాలో ఉంది. ఆదివారం వచ్చి తీసుకో. ఆఫీసుకు పోవాలనిపిస్తే పో. ఇట్లనే ఉండాలనిపిస్తే ఉండు, మళ్ళీ ఎవరూ అడగరు. రాములవ్వ సంగతి నేను చూసుకుంటాను. అక్కడ తీసేసిన మాట ఇక్కడ నా చేత్తో రాస్తున్నాను: ఇది తప్పు కాదు.

సగం కంచం వదిలేస్తున్నావని మీ అమ్మ చెప్పింది. బువ్వ మంచిగ తిను.

నీ అత్తమ్మ,
గంగుబాయి