దినారు రేటు, ఆయన పన్ను

మట్టెవాడ, 12 ఆగస్టు 1982, గురువారం

కువైట్ నుంచి మా ఆయన మాటలు నింపి పంపిన క్యాసెట్ వచ్చింది. సాయంత్రం వాడకట్టంతా టేప్‌రికార్డర్ చుట్టూ చేరింది.

"పన్ను బాగ సలుపుతాంది. పీకనీకి డాక్టర్ మూడు దినార్లు అడిగిండు. మన లెక్కల తొంబై రూపాయలు! వచ్చే ఏడు ఇంటికి వచ్చినంక హనుమకొండల పీకిపిచ్చుకుంట." దవడ వాచిందేమో, మాట ముద్దగా వస్తోంది.

"నా కొడుకుకు ఎంత పొదుపో!" అని అత్తమ్మ మురిసిపోయింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాది దాకా ఆ నొప్పి ఈవిడ ఓర్చుకుంటుందా?

జవాబు అదే క్యాసెట్‌లో నింపి పంపడం మా అలవాటు. నా వంతు రాగానే, "జర ఆ లెక్కలు బంద్ చెయ్యి! రేపే పోయి పీకిపిచ్చుకో!" అని అరిచాను.

మరిది వెంటనే క్యాసెట్ వెనక్కి తిప్పాడు. "గట్లంటే అన్న ఫికర్ పడ్తడు వదినా," అంటూ నా మాటల మీదే తన గొంతు నింపాడు. "అన్నా, నువ్వు పోయిన్నాడు దినారుకు ముప్పై ఉండె. ఇప్పుడు ముప్పై మూడు!"

అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్కరికీ తట్టలేదు. ఇది విన్నాక ఆయన లెక్కలో ఆ తొంబై కాస్తా నూరవుతుంది. ఇక చచ్చినా పీకించుకోడు.