గుంజగారి బైనాక్యులర్స్

మార్చి 2, ఆదివారం

నవ్వారు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా నవ్వింది. మిగతావాళ్ళది సహిస్తానేమో గానీ, ఆ నవ్వు మాత్రం గోరుచుట్టు మీద రోకటిపోటు.

మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త, చెరువు దగ్గర పక్షులు చూసేవాళ్ళ క్లబ్బుకి ప్రెసిడెంటు. పొద్దున్నే మా ఇద్దర్నీ రమ్మన్నాడు. ఎవరివో పాత బైనాక్యులర్స్ అడిగి తీసుకుని చూస్తే నీళ్ళ మధ్య పెద్ద కొంగ కనబడింది. కదలకుండా నిలబడి ఉంది. అందరికీ వినబడేలా చెప్పాను. కాస్త గొప్పగా కూడా చెప్పాను. ఆయన తన బైనాక్యులర్స్ పైకి ఎత్తనైనా లేదు.

"తమ్ముడూ, అది గుంజ. ఏళ్ళ తరబడి అక్కడే ఉంది. ఎగిరితే నాక్కూడా చెప్పు."

ఇంటికొచ్చేసరికి నా పేరు గుంజగారు.

మార్చి 3

ప్రెస్‌లో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఎగిరిపోయిన సున్నాని పట్టుకునే కళ్ళు నావి. కొంగకీ గుంజకీ తేడా తెలియనిది నాకు కాదు, ఆ దిక్కుమాలిన బైనాక్యులర్స్‌కి.

నెలాఖరు ఆదివారం చెరువు మీద పక్షుల లెక్కింపు. ఊరంతా వస్తుంది. ప్రెసిడెంటుగారు పేర్లు పైకి చెబుతుంటే మిగతావాళ్ళు రాసుకుంటారు. ఆ రోజు ఆయన నోట ఒక్క తప్పు దొర్లాలి. అందరి ముందూ నేను దిద్దాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఒకడుంటాడు.

మార్చి 6

ప్రూఫుల కింద ఫోన్ పెట్టుకుని బైనాక్యులర్స్ రివ్యూలు చదివాను. పిచ్చెక్కింది. ఒకడు పెద్దదే కొనమంటాడు, ఇంకొకడు పెద్దది కొంటే మెడ విరుగుతుందంటాడు. షాపులో పై అరలోవి మనకి అందవు. కింది అరలోవి పిల్లలు ఆడుకోవడానికి. మధ్య అరలో ఏదో ఒకటి దొరకాలి. పిండి కొద్దీ రొట్టె.

మార్చి 8, శనివారం

కొన్నాను.

ముందు నేను వేలుపెట్టి చూపించింది జూమ్ ఉన్నది. డబ్బా మీద అంకెలు చూసి నోరూరింది. షాపావిడ దాన్ని పక్కకి నెట్టేసింది. అంకెలు డబ్బా మీదే బాగుంటాయట. లైట్ల కింద ఏ గాజైనా మెరుస్తుంది, బయట నిలబడి చూడమని నన్ను ఫుట్‌పాత్ మీదకి తీసుకొచ్చింది. పన్నెండు రెట్లు పెద్దగా చూపించేది పెట్టుకుని ఎదురు బ్యాంకు బోర్డు చూశాను. అక్షరాలు పెద్దవే, కానీ ఊగుతున్నాయి. నా గుండె కొట్టుకోవడం ఆ బోర్డు మీద కనబడింది. ఎవరి మీద ఇంత కోపంగా ఉన్నారని అడిగింది షాపావిడ. చేతులు వణికేవాళ్ళకి ఎనిమిది రెట్లు చాలు, ముందు అద్దం నలభై రెండు మిల్లీమీటర్లుంటే పొద్దున్నే మసకలో కూడా వెలుతురు సరిపోతుంది అంది.

ఎనిమిది రెట్లవే మూడు జతలు చూశాను. ఒకదాంట్లో కళ్ళజోడుతో చూస్తే చుట్టూ నల్లటి వలయం. ఒకదాంట్లో కరెంటు స్తంభం అంచుకి ఊదారంగు. మూడోది శుభ్రంగా ఉంది. మెడలో వేసుకుని షాపంతా తిరిగి రమ్మంది, తిరిగాను. కుడికంటికి విడిగా ఉన్న రింగు ఎలా సరిచేసుకోవాలో రెండుసార్లు చూపించింది.

బ్యాంకు బోర్డులో అచ్చుతప్పు ఉంది. అప్పుడు నమ్మకం కుదిరింది.

మార్చి 9

పగకి ఎనిమిది రెట్లు చాలు.

మార్చి 15

రోజూ డాబా మీద ప్రాక్టీసు. కాకి కాలి గోళ్ళు కూడా కనబడుతున్నాయి. ఎదురింటివాళ్ళు కొత్త కర్టెన్లు కట్టారు. ఈ వయసులో పరువు తీస్తున్నారని మా ఆవిడ సణుగుతోంది. నా పరువు పోయిన రోజు తను నవ్విందని గుర్తుచేశాను.

మార్చి 23, ఆదివారం

ఇది తిన్నగా రాయాలి.

చినుకులు పడుతున్నాయని ముందు అద్దాలకి మూతలు పెట్టి మెడలో వేసుకున్నాను. వాన తగ్గాక చెరువు గట్టు మీద నిలబడ్డాం. మా వెనక క్లబ్బువాళ్ళు నలుగురు. చెట్లలో లకుముకి పిట్ట అరిచింది. కొత్తవి కదా, చూద్దాం అంటూ మా తోడల్లుడు నా మెడలోంచి బైనాక్యులర్స్ తీసుకున్నాడు. కళ్ళకి పెట్టుకుని చక్రం తిప్పాడు. అదిగో, ఎండుకొమ్మ మీద ఉంది, ముక్కు ఎంత ఎర్రగా ఉందో చూడండి అన్నాడు. వెనక నలుగురూ అటు తిరిగారు.

మూతలు తీయలేదు. రెండూ పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టుంది నా పని. నోరు తెరిచాను. ఆయన బైనాక్యులర్స్ దించాడు.

"బానే ఉంది తమ్ముడూ. కాస్త చీకటిగా ఉంది, అంతే."

కాస్త. పగటి వెలుగుకీ మూతకీ మధ్య ఆయనకి తేడా అంతే. పక్షుల్ని చెవులతో చూస్తున్నాడు. గుంజ ఎక్కడుందో జ్ఞాపకం, అందుకే ఆ రోజు చూడకుండానే చెప్పాడు.

జాలిపడి ఊరుకున్నానని రాసుకుంటే బాగుంటుంది. అబద్ధం. నలుగురి ముందు దేనికి, వచ్చే ఆదివారం ఊరంతా ఉంటుంది కదా అని దాచుకున్నాను.

మార్చి 24

ఆగలేక మా ఆవిడకి చెప్పేశాను. బట్టలు మడతపెడుతోంది. ఆశ్చర్యపోలేదు. నిరుటి నుంచీ తెలుసట. కంటి నరం ఎండిపోతోంది, ఆపరేషన్ లేదన్నారట. ఫోన్లో మెసేజులు కూడా వదినే చదివి పెడుతుందట. క్లబ్బులో తెలిస్తే ప్రెసిడెంటుగా ఉండనివ్వరు, అదొక్కటీ పోతే మంచం దిగడని వదిన భయం. మరి నాకెందుకు చెప్పలేదని నిలదీశాను.

"మీరు సంతోషిస్తారని."

మార్చి 26

సంతోషించాను. దీన్ని ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. రెండు రోజులుగా కడుపు నిండినట్టుంది. ఆదివారం సంగతి ఏమీ మార్చుకోలేదు.

మార్చి 30, ఆదివారం

మూతలు పెట్టే తీసుకెళ్ళాను. అందరి ముందూ ఆయన చేతికి ఇవ్వబోతూ తీసేశాను. ఎందుకో తెలియదు.

ఆయన బొటనవేలితో ముందు అద్దాలు తడిమాడు. నా చెవి దగ్గరికి వంగాడు.

"ఈసారి మూతలు తీశావా తమ్ముడూ?"

ఆ రోజు దించుతున్నప్పుడే వేలికి తగిలి ఉంటాయి. వారమంతా నేనేం చేస్తానోనని ఎదురుచూశాడన్నమాట. తీశానన్నాను. నావి నాకు తిరిగిచ్చి, తనవి కళ్ళకి పెట్టుకుని, నువ్వు చెబుతూ ఉండు, నేను అంటూ ఉంటాను అన్నాడు.

పక్కన నిలబడి మెల్లగా చెప్పాను. బాతులు, నీటికోళ్ళు, కొంగలు. ఆయన పైకి అన్నాడు. అందరూ రాసుకున్నారు.

లకుముకి పిట్ట కూడా వచ్చింది. అరవలేదు. ముక్కు నిజంగానే ఎర్రగా ఉంది.

అదొక్కటి ఆయనకి చెప్పలేదు, నాకే దాచుకున్నాను.