రెండో చోటు

అక్కా,

నీ తమ్ముడు దానియేలు రాసేది. నువ్వు, పిల్లలు క్షేమమే కదా? అమ్మ కడుపునొప్పి ఎలా ఉంది? నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, కంగారుపడకు. మొన్నటి జ్వరం తగ్గింది. ఈ అడవి వానలకు బట్టలు ఆరడం లేదు, అంతే. బావ పోలీసులకు లొంగిపోయి మీ దగ్గరికి వచ్చేశాక దళానికి నన్నే కమాండర్‌ని చేశారు. ఇరవై మూడేళ్లకు ఇంత బరువు ఎందుకని అమ్మ తిడుతుంది, చెప్పకు.

నువ్వు భద్రాచలంలో ఇచ్చి పంపిన గోంగూర పచ్చడి, జంతికలు గూడెం పెద్దమ్మ తెచ్చింది. బయటి తిండి తెచ్చినవాళ్లే ముందు తినాలని ఇక్కడ నియమం పెట్టాను. పక్క దళానికి అన్నంలో మత్తుమందు కలిపి పట్టించినప్పటి నుంచి ఎవరినీ నమ్మబుద్ధి కావడం లేదు. పెద్దమ్మ తిన్నది. అయినా పొద్దు వాలేదాకా కూర్చోబెట్టాను.

"మా ఇంట్ల ఎన్నిసార్లు తిన్నవ్ బిడ్డా. అప్పుడు నన్ను ముందు తినమనలే," అన్నది.

"అప్పుడు బావ మాతోనే ఉన్నడు పెద్దమ్మా."

"ఆయన పోతే నేనేం జేసిన?"

సిగ్గేసింది. తర్వాత అందరం తిన్నాం, మా అక్క చేతి పచ్చడని గొప్పలు కూడా పోయాను.

అప్పుడు పచ్చడితో పాటు వచ్చిన నీ ఉత్తరం చదివాను. అమ్మకు ఆపరేషన్ అనీ, ముందు నన్నొకసారి చూడాలంటోందనీ రాశావు. ఏడుపొచ్చింది. బయలుదేరదామనే అనుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక వైరా చెరువు కట్ట మీదికి రమ్మన్నావు. అక్కడ కలవకపోతే మర్నాడు అదే వేళకు బస్టాండు వెనక అన్నావు. ఇట్లా రెండో చోటు ముందే చెప్పుకోవడం మా దళం పద్ధతి అక్కా. నాకు నేర్పింది బావే. పక్కన కూర్చుని రాయించాడా? నీకు తెలిసే రాశావా? చేతిరాత నీదే, అందుకే నాకు భయం. నీకు తెలియదనే అనుకుంటున్నాను. నన్ను బతికించాలనే బావ పిలుస్తున్నాడేమో కూడా. అదీ నమ్మలేకపోతున్నాను.

ఇది చదివి పొయ్యిలో పెట్టు. బావ అడిగితే ఏ జవాబూ రాలేదను. పాస్టరు గారికి, పిన్నికి నా వందనాలు. పిల్లలకు ముద్దులు. నా కోసం నువ్వు ప్రార్థన చెయ్యి, నేను మానేశాను.

నేను రాను అక్కా. అమ్మను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేదాకా మాత్రం, చిన్నోడు దారిలో ఉన్నాడని చెప్పు.

నీ తమ్ముడు,
దానియేలు