తొట్టిలో నీలి లైటు

17 సెప్టెంబర్ 2011

ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. కోరుట్లలో మా ఎలక్ట్రికల్ షాపు సగం షట్టర్ దించి నడుస్తోంది. సేటు ధర్నాకు పోతే కౌంటర్ నేనే చూస్తున్నాను. ఈరోజు నా భర్త వేణు ఎల్ఈడీ స్ట్రిప్ కావాలని వచ్చాడు. కథలాపూర్‌లో మా చర్చికి కొత్తగా బాప్తిస్మం తొట్టి కట్టారు. నీళ్ళ అడుగున నీలి లైటు వెలగాలని పాస్టర్ దేవయ్య గారి కోరిక. వైరింగ్ పని వేణుది. వచ్చే నెల రెండున ఆ తొట్టిలో మొదట దిగేది మా అత్తమ్మ చిన్నవ్వ.

పెట్టె మీద ఐపీ 65 అని ఉంది. అంటే వాన జల్లుకు ఆగుతుంది. 67 అయితే కాసేపు మునిగినా ఫరవాలేదు. ఎప్పుడూ నీళ్ళలోనే ఉండాలంటే 68 కావాలి. అది మా దగ్గర లేదు. అదే చెప్పాను. వేణు నవ్వాడు. "అన్నిటి మీద రబ్బరే గదా. నువ్వు అమ్ముతవ్, నేను ఫిట్ చేస్త." రోల్ పట్టుకుని పోయాడు.

19 సెప్టెంబర్

బస్సులు కూడా బంద్. హైదరాబాద్ నుంచి 68 తెప్పించే దారి లేదు.

22 సెప్టెంబర్, సాయంత్రం

తొట్టి అడుగున 65 అంటించేశాడట. ఇంట్లో గొడవ. పన్నెండు వోల్టులకు షాక్ కొట్టదంటాడు. నిజమే. కానీ ఆ పన్నెండు వోల్టులిచ్చే అడాప్టర్ తొట్టి పక్కన గోడకే మేకుకు వేలాడుతోంది. దానిలోకి వచ్చేది ఇంటి కరెంటు. జారి నీళ్ళలో పడితే? పడదట.

మధ్యలో అత్తమ్మ అడిగింది: "బిడ్డా, గా నీళ్ళు లోతుంటయా?" ఆమెకు నీళ్ళంటే భయం. లోతు లేదన్నాను. లైటు సంగతి చెప్పలేదు.

24 సెప్టెంబర్

స్ట్రిప్ ముక్క ఒకటి కోసి, బ్యాటరీకి కలిపి, బకెట్ నీళ్ళలో ముంచాను. చక్కగా వెలుగుతోంది. వేణు మీసం మెలేశాడు. నాకు ఏడుపొచ్చింది.

26 సెప్టెంబర్

రెండు రోజులు బకెట్‌లోనే ఉంచిన ముక్కలో, రబ్బరు లోపలికి నీళ్ళు చేరాయి. సగం లైట్లు ఆరిపోయాయి. బకెట్ తీసుకెళ్ళి వేణు ముందు పెట్టాను. అన్నం కూడా తినకుండా కథలాపూర్ పోయి, తొట్టిలోది పీకేసి వచ్చాడు.

28 సెప్టెంబర్

పాస్టర్ గారు చిన్నబోయారు. నీళ్ళలో వద్దు, పైన అంచుకు వేద్దాం, అక్కడ చిందే నీళ్ళే కదా, 65 చాలని నేనే ఒప్పించాను. బొగ్గు గనుల్లోనూ సమ్మె, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకే ట్రాక్టర్ బ్యాటరీ మీద నడపమన్నాను. వేణు అడాప్టర్ ఊడదీసి నా చేతికిచ్చాడు. "ఇగ నిమ్మలమా?" అన్నాడు. సగమే.

2 అక్టోబర్, మధ్యాహ్నం

చర్చి నుంచి ఇప్పుడే ఇంటికొచ్చాం.

అత్తమ్మ తెల్ల చీరలో తొట్టి మెట్లు దిగుతోంది. పాస్టర్ గారు చెయ్యి అందించేలోపే కాలు జారింది. చేతికి దొరికింది పట్టుకుంది. అది స్ట్రిప్. సర్రున ఊడి ఆమెతోపాటే మునిగింది. వైరు గుంజుకుపోయి, బ్యాటరీ నుంచి క్లిప్ ఊడి, లైటు ఆరిపోయింది. పాట ఆగిపోయింది. వేణు చెప్పులతోనే దూకాడు.

ఆమె దగ్గుకుంటూ పైకి లేచింది. మెడలో స్ట్రిప్ దండలా ఉంది. "ఏందిరా, అందరు గట్ల చూస్తున్నరు? నా బాప్తిస్మం అయినట్టేనా?"

పాస్టర్ గారికి నవ్వాగలేదు. "కాలే అవ్వా. మల్ల మునగాలె."

"ముంచుండ్రి మరి. భయం పోయింది."

అందరూ నవ్వారు. వేణు ఒక్కడే నవ్వలేదు. నడుం లోతు నీళ్ళలో నిలబడి గోడ వైపు చూశాడు. అడాప్టర్ వేలాడిన చోట ఉత్త మేకు ఉంది. తర్వాత నా వైపు చూశాడు. ఇద్దరం ఒకటే అనుకున్నాం.

ఇంటికొచ్చేటప్పుడు దారిలో బండి ఆపాడు. కంకర కుప్ప మీద ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం.

3 అక్టోబర్

వాన. వాకిట్లో నిలబడి పూర్తిగా తడిశాను. ఊరికే. మిగతా సగం నిమ్మళం కూడా వచ్చింది.