తాత కవిత, నేను పెట్టిన రూలు

తాతా,

గంజి కుక్కర్‌లో ఉంది, చేప ముక్కలు పైనుంచి వేసుకో. నా లాప్‌టాప్ మీద టీ కప్పు పెట్టకు. మా "పక్కసందు" పత్రిక మొత్తం అందులోనే ఉంది. అది పోయిందంటే తైవాన్ సాహిత్యం ముప్పై ఏళ్లు వెనక్కెళ్తుంది.

నువ్వు దొరికిపోయావు. "తుప్పు గంట" అనే దొంగపేరుతో బస్సు డ్రైవర్ కవిత పంపింది నువ్వే. మేం పేర్లు దాచి చదువుతాం. నలుగురం దానికే ఓటేశాక వివరాలు తెరిస్తే, కింద మనింటి ఫోన్ నంబర్! ఇంత తెలివైన దొంగని నేనెక్కడా చూళ్లేదు.

సంపాదకుల చుట్టాలవి వెయ్యకూడదని రూలు. నిరుడు మా నలుగురిలో ఒకడైన పోవెన్ వాళ్ల చెల్లెలి కథ తెస్తే ఆ రూలు నేనే పెట్టా. ఇప్పుడు వాడు పళ్లికిలించి, "నువ్వు పెట్టిందేగా అక్కా, అనుభవించు" అంటున్నాడు. వాడితో తేల్చుకోడానికే వెళ్తున్నా. రూలు మారిస్తే వాళ్ల చెల్లెలి కథ కూడా వేస్తాం. మార్చకపోతే నేను రాజీనామా చేస్తా. అప్పుడు నువ్వు పత్రికలో ఎవరికీ చుట్టానివి కావు. ఎలాగైనా నీ కవిత ఈ సంచికలో వస్తుంది.

యాహాన్

నలభై ఏళ్లు బస్సు నడిపావు, కవితలు రాస్తావని నాక్కూడా చెప్పలేదు. కోపంగానే ఉన్నా. మిగతావన్నీ తీసి బల్ల మీద పెట్టు.